బల్లార్షా–కాగజ్‌నగర్ పట్టీలో కేసినోకు లైసెన్సిస్తే: ఒక ముందస్తు అంచనా

మహారాష్ట్ర–తెలంగాణ సరిహద్దులోని ఈ పట్టీలో ఇప్పుడు కేసినో లేదు. పెట్టడానికి చట్టమూ లేదు. మహారాష్ట్ర 1976లోనే కేసినోల నియంత్రణ, పన్ను చట్టం చేసుకుంది గానీ ఒక్కనాడూ అమలు చేయలేదు. 2023లో దాన్ని రద్దు చేసింది. అక్కడ ఇప్పటికీ నడుస్తున్నది 1887 నాటి బొంబాయి జూద నిరోధక చట్టమే. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. అయితే జూదం, పందేలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా 34వ అంశం. ఏ శాసనసభ తలుచుకున్నా కొత్త చట్టం తేవచ్చు. గోవా 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మిషన్లకు, 1996లో నది మీది ఓడల్లో జూదానికి అలాగే తలుపు తీసింది. సిక్కిం 2002లో చట్టం చేసుకుంది.

చట్టం వచ్చాక లెక్కలు వేయడం ఆలస్యమే. అందుకని ఇక్కడ ఒక ఊహను ముందు పెట్టుకుని చూశాం: మహారాష్ట్ర మనసు మార్చుకుని చంద్రపూర్ జిల్లా దక్షిణాన, బల్లార్‌పూర్ (రైల్వే స్టేషను పేరు బల్లార్షా) చుట్టుపక్కల ఎక్కడో ఒక లైసెన్సు ఇచ్చిందనుకుందాం. రాబడి ఎవరికి, ఖర్చు ఎవరికి?

పట్టీ ఎంతవరకు

అమెరికాలో జాతీయ జూద ప్రభావ అధ్యయన సంఘం 1999లో ఇచ్చిన నివేదికలో పనికొచ్చే కొలత ఒకటి ఉంది. కేసినోకు 50 మైళ్ల లోపు, అంటే 80 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లలో జూదం అదుపు తప్పినవాళ్ల శాతం, దూరంగా ఉండేవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు. బల్లార్‌పూర్ మీద సూది పెట్టి 80 కిలోమీటర్ల వృత్తం గీయండి. చంద్రపూర్, రాజురా, గడ్‌చాందూర్, కోర్పనా, జివతి లోపల పడతాయి. కాగజ్‌నగర్, సిర్పూర్, ఆసిఫాబాద్, కెరమెరి కూడా లోపలే పడతాయి. బెల్లంపల్లి, మంచిర్యాల గీత బయట ఉంటాయి గానీ రైలు ఆ గీతను పట్టించుకోదు. గ్రాండ్ ట్రంక్ లైను మీద మంచిర్యాల వాళ్లకు బల్లార్షా ఒక సాయంత్రపు ప్రయాణం.

బల్లార్‌పూర్‌లో బొగ్గు గనులకూ పేపర్ మిల్లుకూ ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల చుట్టాలంతా రాష్ట్రాల సరిహద్దు గీతకు అవతల. ఈ పట్టీలో ఏ డబ్బూ ఒక్క రాష్ట్రంలో ఆగదు. మద్యం విషయంలో ఇది ముందే తేలింది. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మద్యనిషేధం ఉంది. పక్కనున్న గడ్చిరోలిలో 1993 నుంచీ ఉంది. నిషేధం ఉన్నవైపు తాగేవాళ్లు మాయం కాలేదు, సరుకు అవతలి దుకాణాల నుంచి వచ్చింది. మద్యంలో సీసా గీత దాటి వస్తుంది. కేసినోలో మనిషే గీత దాటి వెళతాడు, అప్పుతో తిరిగొస్తాడు. లైసెన్సు రుసుము, ప్రవేశ రుసుము, ఆస్తి పన్ను లైసెన్సు ఇచ్చిన రాష్ట్రానికి మిగులుతాయి. ఆ అప్పు పంచాయతీలో తెగేది మాత్రం కెరమెరిలో.

నేపాల్ సరిహద్దులో ఇది ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. నేపాలీలకు కేసినో ప్రవేశం లేదు. కాకర్‌భిట్టా, బీర్‌గంజ్, నేపాల్‌గంజ్ బల్లల దగ్గర కూర్చునేది మన దేశం నుంచి వెళ్లినవాళ్లే.

ఎవరి డబ్బు, ఏ నెలలో

జనాభా ఎంత, సగటు ఆదాయం ఎంత అని చూసి అంచనా వేస్తే ఇక్కడ తప్పుతుంది. ఇది బొగ్గు, సిమెంటు, పత్తి పట్టీ. డబ్బు నెలనెలా సమంగా రాదు, ఒక్కసారిగా వచ్చిపడుతుంది. దసరా ముందు బొగ్గు కార్మికులకు బోనస్ వస్తుంది. 2024లో అది 93,750 రూపాయలు, 2025లో 1,03,000. సింగరేణి వైపు లాభాల వాటా అదనం. పదవీ విరమణ రోజున గ్రాట్యుటీ 20 లక్షల దాకా, దానిమీద భవిష్యనిధి. ఓపెన్‌కాస్టులకు భూమి ఇచ్చినవాళ్లకు పరిహారం. నవంబరు నుంచి జనవరి దాకా పత్తి డబ్బు.

ఒకేసారి చేతికొచ్చిన పెద్ద మొత్తమే కేసినోకు అసలు గిరాకీ. కాబట్టి రిస్కు మ్యాపు ఊళ్లవారీగా గీసి వదిలేస్తే చాలదు, క్యాలెండరు మీద కూడా గీయాలి. దసరా–సంక్రాంతి మధ్య రోజులు, ఆ ఏడాది విరమణ చేసేవాళ్ల జాబితా, పరిహారం పంచే తేదీలు ముందే తెలిసిన విషయాలే. బాధ్యతాయుత జూదం పోస్టర్లు అతికించడం కన్నా, విరమణ డబ్బు వచ్చే నెలలో భార్య పేరు మీద జాయింటు డిపాజిట్టు చేయించడం ఎక్కువ పని చేస్తుంది.

ఇలాంటి బొగ్గు పట్టణం ఒకటి దక్షిణ కొరియాలో ఉంది. గనులు మూతపడ్డ గాంగ్వన్ ప్రాంతాన్ని నిలబెట్టడానికి 1995లో ప్రత్యేక చట్టం చేసి, 2000లో జోంగ్సొన్ దగ్గర కాంగ్వన్ ల్యాండ్ కేసినో తెరిచారు. ఆ దేశ పౌరులను రానిచ్చేది అదొక్కటే. ఉద్యోగాలు వచ్చాయి, పన్ను వచ్చింది. పక్కనే ఉన్న సాబుక్‌లో కార్లు తాకట్టు పెట్టుకునే దుకాణాలు వరుసగా వెలిశాయి. నెలకు 15 రోజులకు మించి రాకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. గని మూసేసిన ఊరికి కేసినో మందు అనేవాళ్లు ఈ రెండు సగాలూ చెప్పాలి.

మట్కా పోతుందా?

లైసెన్సు కోరేవాళ్ల మొదటి మాట ఇదే: చట్టబద్ధంగా పెడితే దొంగ జూదం ఆగిపోతుంది. బల్లార్‌పూర్ పాన్ టపరీ దగ్గర నిలబడి లెక్క కడితే ఈ మాట నిలవదు.

మట్కాలో ఓపెన్, క్లోజ్ అని రోజుకు రెండు అంకెలు. సింగిల్ (ఒక్క అంకె) తగిలితే సాధారణంగా రూపాయికి తొమ్మిది, జోడీకి (రెండంకెలూ) తొంభై. అసలు అవకాశం పదింట ఒకటి, వందింట ఒకటి. అంటే బుకీ మార్జిను 10 శాతం. రోజుకు వంద రూపాయలు ఆడేవాడు సగటున పది పోగొట్టుకుంటాడు, నెలకు 300.

ఇప్పుడు రూలెట్, అంటే కేసినోలోని అంకెల చక్రం. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గదులు, తగిలితే ఒకటికి 35 ఇస్తారు. ఇంటి వాటా, అంటే పందెంలో సగటున కేసినోకు మిగిలేది, 2.70 శాతం. రెండు సున్నాల చక్రంలో 38 గదులు, వాటా 5.26 శాతం. మట్కా కన్నా ఎంతో నయం అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది: చక్రం గంటకు నలభైసార్లు తిరుగుతుంది. వంద రూపాయల పందెంతో ఐదు గంటలు కూర్చుంటే 20,000 రూపాయల పందేలు కాసినట్టు. జేబులో తెచ్చింది మూడు వేలే అయినా అవే చిప్స్ (డబ్బుకు బదులిచ్చే బిళ్లలు) అటూ ఇటూ తిరిగి అంత అవుతాయి. ఒక్క సున్నా చక్రంలో సగటు నష్టం 540, రెండు సున్నాల చక్రంలో 1,053. నెలకు ఒక్కసారి వెళ్లినా రెండో చక్రం దగ్గర పోయేది మూడున్నర నెలల మట్కా నష్టంతో సమానం. ఇది సగటు మాత్రమే. తెచ్చిన మూడు వేలూ గంటలో ఊడ్చుకుపోయే రోజులూ ఇందులోనే ఉన్నాయి. గోవా బల్లల మీద కనీస పందెం సాధారణంగా వంద కన్నా ఎక్కువే.

కాబట్టి శాతం చూసి మురిసిపోవద్దు. లైసెన్సు దరఖాస్తులో ఆపరేటరు ఇంటి వాటా శాతం రాస్తాడు, గంటకు ఎన్ని ఆటలో రాయడు. అడగాల్సిన అంకెలు నాలుగు: కనీస పందెం, గంటకు ఆటలు, సగటున ఒకడు కూర్చునే గంటలు, వాటా. ఈ నాలుగూ గుణిస్తే ఒక్కో మనిషి దగ్గర ఒక్కో సాయంత్రం ఎంత వస్తుందని వాళ్లు ఆశిస్తున్నారో తేలిపోతుంది.

ఇక మట్కా ఎందుకు పోదంటే, పది రూపాయల చీటీ కొనేవాడు కేసినో గేటు దాకా రాడు. టపరీవాడు అరువు పెడతాడు, కేసినో పెట్టదు. మట్కా ఆడేవాడు మట్కాలోనే ఉంటాడు. కేసినోకు వెళ్లేది మొన్నటిదాకా పండగలకు పేకాటతో సరిపెట్టుకున్న పర్మనెంటు ఉద్యోగి, కాంట్రాక్టరు, పత్తి వ్యాపారి కొడుకు. ఉన్న జూదం మీద కొత్త జూదం చేరుతుంది. పైగా రాత్రి ఖాళీ చేతులతో బయటకొచ్చినవాడికి, గేటు అవతల తక్కువ పందెంతో, అరువు మీద, పన్ను లేకుండా ఆడించే గది ఒకటి వెంటనే దొరుకుతుంది.

ఆ గదికి ఊపిరి పోసేది పన్నే. కేసినోలో చిప్స్ కొన్న పూర్తి మొత్తం మీద 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. పన్నును ఆటగాడి మీదే వేస్తే, పదివేలు ఇచ్చినవాడికి 7,143 రూపాయల చిప్స్ చేతికొస్తాయి, 2,857 అక్కడే పోతుంది. చిప్స్ 40 శాతం పెరిగితే గానీ తెచ్చిన పదివేలు తిరిగి కనబడదు. గెలిస్తే ఆ గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, సెస్సు విడిగా. నిన్నటి ఓటమిని అందులో తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆపరేటరు కొంత భరించి ఉచిత భోజనం, మందు, గది ఇచ్చి సర్దుతాడు. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి బల్లల కన్నా వాటా ఎక్కువుండే ఆటల వైపు జనాన్ని తోస్తాడు.

గేటు దగ్గర ఏ కార్డు?

స్థానికులను రానివ్వం అన్నది రెండో హామీ. గోవా 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులకు ప్రవేశం నిషేధించింది. నది మీది ఓడకు అది సరిపోతుందేమో గానీ సరిహద్దు పట్టీలో ఇది తలకిందులుగా పని చేస్తుంది. బల్లార్‌పూర్‌లో పుట్టినవాడిని ఆపుతారు, 60 కిలోమీటర్ల అవతల కాగజ్‌నగర్‌లో ఉన్న వాడి మేనబావను సలాము కొట్టి లోపలికి పంపుతారు. నష్టమంతా చట్టం చేయని రాష్ట్రానికి తరలించే ఏర్పాటు ఇది.

పోనీ గుర్తింపు కార్డుతోనైనా ఆపగలరా అంటే జివతి తాలూకా చూడాలి. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవంటున్న పద్నాలుగు గ్రామాలు అక్కడున్నాయి. పరందోలి, ముకదంగూడ, మహరాజ్‌గూడ వంటి ఊళ్లలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషను ఉన్నవాళ్లున్నారు. మహరాజ్‌గూడలో ఒక ఇంటి మధ్యలోంచే గీత పోతుంది: నాలుగు గదులు ఇటు, నాలుగు అటు. ఆ ఇంటి మనిషి గేటు దగ్గర ఏ కార్డు తీస్తాడు? ఏది పని చేస్తే అది. అందుకని నిషేధం రాష్ట్రం పేరు మీద కాకుండా దూరం మీద ఉండాలన్నది మా అభిప్రాయం: 80 కిలోమీటర్ల లోపు పిన్‌కోడున్న ఎవరైనా, ఏ రాష్ట్రంవారైనా, స్థానికులే. ఇది ఒప్పుకుంటే వ్యాపారమే నడవదని ఆపరేటరు అంటాడు. అంటే వ్యాపారం ఎవరి మీద నడుస్తుందో అతనే చెప్పినట్టు.

అప్పు వీధి

కేసినో లోపలి లెక్కకు కెమెరాలున్నాయి. మనీలాండరింగ్ చట్టం కింద కేసినోలు రిపోర్టు చేయాల్సిన సంస్థలే. పది లక్షలు దాటిన నగదు వివరం మరుసటి నెల 15లోగా ఆర్థిక నిఘా విభాగానికి పంపాలి. ఇక్కడి కుటుంబాలు మునిగేది యాభైవేలకు, లక్షకు. ఆ వల కన్నుల్లోంచి అవి దూరిపోతాయి.

వీధిలో అప్పు రెండు రకాలుగా పుడుతుంది. మొదటిది బండి కుదువ. ఆర్‌సీ, రెండో తాళంచెవి, సంతకం పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు తీసుకుంటారు. ఆ రెండు ఫారాలూ ఆర్టీవో దగ్గర యాజమాన్యం మార్చేవి. గడువు దాటితే బండి అమ్మకానికి మళ్లీ ఓనరు అక్కర్లేదు. కొన్నిచోట్ల జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు, పిన్ను కూడా పెట్టించుకుంటారు. వడ్డీ నెలకు నూటికి పది అంటే ఏడాదికి 120 శాతం. మొదటి నెలది ముందే కోసుకుని పదివేలకు తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రెండోది వంద రోజుల చీటీ: తొమ్మిదివేలిచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గుతోంది కనుక నిజమైన రేటు ఏడాదికి 77 శాతం పైమాటే.

మహారాష్ట్ర సావుకారీ నియంత్రణ చట్టం 2014 ప్రకారం లైసెన్సున్న వడ్డీ వ్యాపారి రైతేతరుల దగ్గర తాకట్టు మీద ఏడాదికి 15, తాకట్టు లేకుండా 18 శాతానికి మించి తీసుకోకూడదు. ఫిర్యాదు తాలూకా స్థాయిలో సహకార సంఘాల సహాయ రిజిస్ట్రారుకు ఇవ్వాలి. చిక్కు ఎక్కడంటే అప్పు పుట్టింది బల్లార్‌పూర్‌లో, వసూలు జరిగేది ఆసిఫాబాద్‌లో. అక్కడి ఠాణా ఇది మహారాష్ట్ర లావాదేవీ అంటుంది, ఇక్కడి రిజిస్ట్రారు రాతకోతలు చూపమంటాడు. ఖాళీ ఫారం మీద సంతకం తప్ప రాత ఏదీ ఉండదు. బాకీ కట్టించుకునేవాడికి లేని సరిహద్దు బాకీపడ్డవాడికి మాత్రం ఉంటుంది.

ఆనవాలు ముందే తీసిపెట్టుకోవడం

అమెరికా ఆదివాసీ తెగల కేసినోలపై 2002లో వచ్చిన అధ్యయనం రెండువైపులా నిజం చెప్పింది. తెరిచిన నాలుగేళ్లకు ఉపాధి 26 శాతం పెరిగింది, కాకపోతే ఆ కొత్త ఉద్యోగాల్లో ఎక్కువ తెగల బయటివాళ్లవి. అదే నాలుగేళ్లకు కేసినోలున్న కౌంటీల్లో దివాళాలు, హింసాత్మక నేరాలు, వాహన చోరీలు, చిల్లర దొంగతనాలు 10 శాతం ఎక్కువయ్యాయి. గోండులు, కొలాములు ఉండే పట్టీకి ఆ మొదటి భాగం ముఖ్యం. డీలర్లను, పిట్ సూపర్‌వైజర్లను, కెమెరా గది మనుషులను గోవా నుంచే తెస్తారు. ఇక్కడివాళ్లకు పార్కింగు, వంటగది, సెక్యూరిటీ, అదీ కాంట్రాక్టరు కింద. (ప్రాజెక్టు రిపోర్టులో ఉద్యోగాల పేజీ మాత్రం ఎప్పుడూ రంగుల్లో ఉంటుంది.)

నేరాలు, దివాళాలు ఏళ్ల తర్వాత కనబడతాయి కాబట్టి ఆనవాలు, అంటే తర్వాత పోల్చుకోవడానికి ఇప్పటి పరిస్థితి లెక్క, లైసెన్సు ప్రకటన రాకముందే తీసుకోవాలి. ప్రకటన వచ్చాక భూముల ధరలు, అప్పులు అప్పటికే కదిలి ఉంటాయి, పోల్చడానికి ఏమీ మిగలదు. చాలా సర్వేలు చెడిపోయే రెండో కారణం ఒక్క రాష్ట్రంలోనే చేయడం.

పెద్ద సర్వే అక్కర్లేకుండా దొరికే సమాచారం చాలా ఉంది. బంగారు అప్పు కంపెనీలు వేలానికి ముందు స్థానిక భాషా పత్రికలో ప్రకటన వేయాలి. శాఖల పేర్లతో సహా అవి అచ్చవుతాయి. చంద్రపూర్ మరాఠీ పత్రికలు, ఆసిఫాబాద్ తెలుగు పత్రికలు 24 నెలలవి తీసి శాఖవారీగా ఎన్ని ఖాతాలు వేలానికి వచ్చాయో రాసుకుంటే అంతకన్నా నిక్కచ్చి సూచిక ఉండదు. రెండోది ఇటు మహారాష్ట్రలో బచత్ గట్లు, అటు తెలంగాణలో పొదుపు సంఘాల్లో వాయిదా తప్పిన సభ్యుల సంఖ్య, నెలవారీగా. సంఘం పుస్తకంలో ఆడవాళ్ల పేరు ఉంటుంది గానీ డబ్బు వాడింది మగవాడైన సందర్భాలను విడిగా గుర్తు పెట్టాలి. మూడోది ఠాణాల్లో జూదం కేసులు, బండ్ల చోరీ ఫిర్యాదులు. చోరీ అని రాసినవాటిలో కొన్ని కుదువ పెట్టి ఇంట్లో చెప్పలేనివి. బీమా తిరస్కరణలతో పోలిస్తే బయటపడతాయి.

వ్యసనాన్ని గుర్తించడానికి ఇంటింటి సర్వేలో రెండు ప్రశ్నలు చాలు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడావో ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా తొమ్మిది ప్రశ్నల పూర్తి జాబితా అడగాలి. అందులో 27కు 8 లేదా పైన వస్తే సమస్య ముదిరినట్టు. భార్య పక్కనుండగా రెండో ప్రశ్న అడిగితే జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది. మగవాడిని గని గేటు దగ్గరో క్యాంటీనులోనో, ఆమెను సంఘం మీటింగులో విడిగా అడగాలి. అవునన్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416 నంబరు రాసిచ్చి రావాలి, అడిగి వదిలేయకూడదు.

ఊరి చేతిలో ఉన్నవి

పాత రాజురా తాలూకాలోని కొన్ని గ్రామాలు, గడ్చిరోలిలో సిరొంచ, అహేరి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతాలు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభకు జూదం మీద నేరుగా అధికారం ఇవ్వలేదు. కానీ భూమి చేజారకుండా ఆపడం, మత్తు పదార్థాల నియంత్రణ, ఆదివాసీలకు ఇచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు ఇచ్చింది. భూమి, మందు, వడ్డీ లేని కేసినో ఎక్కడా లేదు. ఈ మూడింటి మీద మూడు వేర్వేరు తీర్మానాలు చేయాలి. అన్నీ ఒకే తీర్మానంలో కలిపి కేసినో వద్దు అని రాస్తే, అది గ్రామసభ పరిధిలోది కాదని పక్కన పెడతారు. ఒడిశా వైపు రాయగడ, కొరాపుట్ గ్రామసభలకూ ఇది వర్తిస్తుంది. 2013లో నియమగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గనికి వద్దన్నప్పుడు వాటి తీర్మానాలు నిలబడ్డాయంటే, అడిగిన అంశానికే కట్టుబడి రాసినందుకు కూడా.

మహారాష్ట్రలో మద్యం దుకాణం మూయించడానికి నిలువు బాటిల్ (ఉంచాలి), అడ్డ బాటిల్ (మూయాలి) ఓటు ఉంది. 25 శాతం ఓటర్లు లేదా మహిళా ఓటర్లు సంతకాలు పెడితే ఓటింగు జరపాలి, మొత్తం ఓటర్లలో సగానికి మించి వద్దంటే దుకాణం మూతపడుతుంది. కేసినో చట్టం వస్తే అందులో ఇదే ఏర్పాటు మొదటి ముసాయిదాలోనే అడగాలి, వృత్తం లోపలి తెలంగాణ మండలాలకు కూడా కనీసం అభ్యంతరం చెప్పే హక్కుతో.

మిగిలింది కుటుంబం అడిగితే గేటు మూయడం. సింగపూర్‌లో 2010లో కేసినోలు తెరిచినప్పటి నుంచి పౌరులకు ప్రవేశ రుసుము ఉంది, 2019 నుంచి రోజుకు 150 సింగపూర్ డాలర్లు. కుటుంబసభ్యులు దరఖాస్తు చేస్తే ప్రవేశ నిషేధ ఉత్తర్వు ఇస్తారు. దేశమంతా ఒకే గుర్తింపు జాబితా కాబట్టి అక్కడది నడుస్తుంది. ఇక్కడ నడవాలంటే భార్య కాగజ్‌నగర్ మీసేవలో తెలుగులో ఇచ్చిన దరఖాస్తు 24 గంటల్లో బల్లార్‌పూర్ గేటు దగ్గరి తెర మీద కనబడాలి. పేరు ఆధార్‌తో ముడిపడాలి, ఓటరు కార్డుతో కాదు. రద్దు చేయమని భర్త ఒక్కడే అడిగితే కుదరకూడదు. దీనికి రెండు ప్రభుత్వాల మధ్య రాతపూర్వక ఒప్పందం కావాలి, దాని తేదీ లైసెన్సు తేదీ కన్నా ముందుండాలి. లైసెన్సు ఇచ్చేశాక ఆ ఒప్పందం కోసం హైదరాబాదు ఎంత మొత్తుకున్నా ముంబైకి తొందరేమీ ఉండదు.